ఇమాంసాహెబ్ ఒక్క పూత

ఇమాంసాహెబ్‌కు కోపం తెప్పించాలంటే, ఆయన చుట్టిన మోటారును మెచ్చుకుని వార్నిష్ సంగతి మరచిపోతే చాలు. తిరుపతిలో మా స్పేర్ పార్టుల కొట్టు పక్కనే నలభై ఏళ్లుగా మోటార్ల వైండింగ్ చేస్తున్నాడు. మోటారు తిరిగితే జనం పట్టుకుని వెళ్లిపోతారు. లోపలి తీగచుట్టల మీద వార్నిష్ పూత ఎంత నున్నగా ఉందో ఎవడు చూస్తాడు? ఆ బాధ రోజూ నా ముందే వెళ్లబోసుకునేవాడు. నిజం చెప్పొద్దూ, నేనూ ఏనాడూ చూడలేదు.

పోయిన నెల ఆయన దగ్గరికి భానుప్రియ అనే పరిశోధకురాలు వచ్చింది. జీవకణం పైపొరలాంటి కొవ్వుపొరను గాజు పలకల మీద ఒకే దిక్కుగా పేర్చి, పెద్ద అయస్కాంతంలో పెట్టి, అందులోని అణువులు ఎటు వాలి ఉన్నాయో చూడటం ఆమె పని. అందుకు పలకలను అయస్కాంతంలో పట్టి ఉంచి, వాటి నుంచి వచ్చే సంకేతాన్ని అందుకునే ప్రోబ్ అనే పరికరాన్ని తనే తయారుచేస్తోంది. పలకలకు సరిపోయేలా, సంకేతం పట్టే రాగిచుట్ట గుండ్రంగా కాక అగ్గిపెట్టె ఆకారంలో ఉండాలి; అది చుట్టి ఇమ్మనే వచ్చింది. అయస్కాంతం ఆమెకు దొరికేది మూడు రోజులే. తప్పితే మళ్లీ ఆరు నెలలు ఆగాలి.

"రాగి తప్ప ఇంకేమీ ఉండకూడదు సాబ్," అని మరీమరీ చెప్పింది.

"నాకు సెప్పాల్నా పాపా?" అన్నాడాయన.

మొదటిరోజు సంకేతం దండిగా వచ్చింది. భానుప్రియ ఫోన్ చేసి చెబితే, ఆయన వీధంతా చాటాడు. మర్నాడు ఆమె పలకలను తొంభై డిగ్రీలు తిప్పింది. అణువుల దిక్కు మారితే సంకేతమూ జరగాలి. ఇసుమంతైనా జరగలేదు. పలకలు తీసేసినా అదే సంకేతం! ఏడుపుముఖంతో స్కూటరేసుకుని వచ్చింది.

"సాబ్, దీనికేమన్నా పూసినారా?"

"ఒక్క పూతేనమ్మా. కంటికి కూడా కనపడదు. పూయకుండా ఎట్లా ఇచ్చేది?"

యంత్రం వెతికేది కొవ్వుపొరలోని హైడ్రోజన్‌నట. వార్నిష్‌లోనూ అది ఉంటుందట, యంత్రం దాన్నే పట్టిందట. నాకు నవ్వాగలేదు. ఇమాంసాహెబ్ మాత్రం నవ్వలేదు. అప్పటికప్పుడు కూర్చుని ఉట్టి రాగితో మరో చుట్ట చుట్టాడు. సొంత కొడుకును చొక్కా లేకుండా పెళ్లికి పంపుతున్నట్టు మొహం పెట్టి ఇచ్చాడు.

మూడో రోజు పలకలు తిప్పితే సంకేతం జరిగింది. భానుప్రియ మిఠాయి పొట్లంతో పాటు పాత చుట్టదీ కొత్త చుట్టదీ సంకేతాల గ్రాఫులు రెండూ తెచ్చి, మంచిది ఆయన చేతిలో పెట్టింది.

"ఇది నువ్వే పెట్టుకో పాపా. ఆ సెడిపోయింది నాకియ్యి."

"అదెందుకు సాబ్? అందులో ఉండేది మీ వార్నిషే."

"అందుకే అడిగేది! నలభై ఏండ్లుగా పూస్తాండా. నా పూతను ఆ మిషనొక్కటే సూసింది."

ఈసారి నాకు నవ్వు రాలేదు. ఆ కాగితానికి ఫ్రేము కట్టించడానికి నేనే వెళ్లాను.