గీత మొదట్లో అక్క

నాంపల్లి స్టేషన్ వెయిటింగ్ రూంలో ఫ్యాన్ గాలికి నా పేపరు ఎగిరి పక్కన కూర్చున్న పెద్దావిడ ఒళ్లో పడింది. తిరిగి ఇవ్వబోతూ అందులోని గ్రాఫ్ దగ్గర ఆగిపోయింది.

"గీ గీత ఏంది బిడ్డా?"

పాఠం చెప్పే అవకాశం వస్తే నేను వదలను. "దేశంలో టీబీతో చనిపోయేవాళ్ల లెక్కమ్మా. ఈ మొదలు పాతకాలం, ఈ చివర ఇప్పటిది. ఎంత తగ్గిందో చూడండి."

ఆమె గీత మొదట్లో, బాగా ఎత్తుగా ఉన్నచోట వేలు పెట్టింది.

"మా అక్క గీడున్నది. మా అమ్మ నన్ను దగ్గరికి పోనియ్యకపోతుండె. అక్క కిటికీల కూసొని, వాకిట్ల ఉన్న నాకు జడేసుకునుడు నేర్పింది. తన జడ ముందలికి ఏసుకొని, ఒక్కొక్క పాయ చూపిస్తుండె."

వేలు గీత వెంట మెల్లగా కిందికి జారి, చివర ఆగింది. అడుగు గీతకు ఇంకా గోరంత ఎడం ఉంది.

"ఇంకా కిందికి ఆనలేదు గదా," అంది. "గీడ ఎవరి అక్క ఉన్నదో."

ఇంతలో ఆమె రైలు వచ్చింది. పేపరు నా చేతికిచ్చి లేచింది. ఆ వయసువాళ్లు ముడి వేసుకుంటారు. ఆమె వీపు మీద మాత్రం సన్నటి తెల్లజడ, ఒక్క పాయా చెదరకుండా.