బ్యాటరీ మోటరుకు కెపాసిటర్లు ఎందుకన్నాను

గని వర్క్‌షాపులో ముప్పై ఏళ్లుగా మోటర్లు బాగుచేస్తున్నవాణ్ణి నేను. తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి, ఆసిఫాబాద్ సైన్స్ ఫెయిర్ కోసం చిన్న రోబో చేస్తోంది. దాని మోటర్లకు సోల్డర్ చేసి ఉన్న బిళ్లల్లాంటి కెపాసిటర్లు చూసి, బ్యాటరీ మోటరుకు ఇవెందుకని పోయిన వారం కోసేశాను. అప్పటినుంచి చక్రాలు కదలగానే రోబోను నడిపే సర్క్యూట్ బోర్డు ఆగిపోయేది. నీ ప్రోగ్రామే తప్పని రోజూ కసిరాను. తను రోజూ మళ్లీ రాసింది.

ఈ సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చేసరికి రోబో హాలంతా తిరుగుతోంది.

"గా బిళ్లలు మల్ల పెట్టిన బాపు. మోటర్ల లేచే రవ్వలకే బోర్డు పరేషానైతుండె. బిళ్లలుంటే గా రవ్వల లొల్లి బోర్డు దాక రాదు."

"ఇంకేంది బిడ్డా! రేపు ఫెయిర్‌ల ఫస్టు మనదే."

"నిన్ననే పేరు తీసేయించిన. నాకు ప్రోగ్రాం రాదన్నవ్ గద."

కోపంగా అన్నా బాగుండేది. రోబోనే చూస్తూ మామూలుగా అంది.

పొద్దున్నే బడికి పోయి బతిమాలుతాను, మళ్లీ రాసుకుంటారో లేదో. వర్క్‌షాపులో ఏ మోటరు ఆగినా, "చివరగా చెయ్యి పెట్టింది ఎవరు?" అని మొదట అడిగేది నేనే. ఇంట్లో ఎందుకు అడగలేదు? మీరైతే అడిగేవారా?