రాజమ్మ విన్న మాట

రాజమ్మ చిన్నప్పటి నుంచీ ఎక్కువగా విన్న మాట ఊకో. మక్తల్ దగ్గరి ఊళ్ళో తల్లి అన్నది. పెళ్ళయ్యాక అత్త అన్నది. పనిలో చేరాక మేస్త్రీ అన్నాడు. ఊకో అంటే నోరు మూసుకొమ్మని. ఆమె ఊకున్నది. ముప్పై ఎనిమిదేళ్ళు వచ్చేసరికి ఆ పని ఆమెకు బాగా చేతనయింది.

తొంభై ఆరులో మగడు రాజయ్యతో కలిసి మాదాపూర్ వచ్చింది. అప్పుడక్కడ బండలూ, వాటి సందుల్లో సీతాఫలం చెట్లూ ఉండేవి. బండలు పేల్చారు. ఐదంతస్తుల భవనం ఒకటి లేచింది. దానికి ఇటుకలు మోసిన వాళ్ళలో రాజమ్మ ఒకతె. అద్దాలు బిగించాక రాజయ్య సెంట్రింగ్ పనికి గచ్చిబౌలి వైపు పోయాడు. రాజమ్మ ఆ భవనాన్ని వదల్లేదు. నెత్తి మీది తట్ట దించి, చేత్తో తుడుపుకర్ర పట్టింది. హౌస్‌కీపింగ్ సూపర్‌వైజర్ లింగమూర్తి ఆమెను పనిలోకి తీసుకున్నప్పుడు ఒకటే కారణం చెప్పాడు. ఈమెకు నోరు లేదు.

అమ్మణ్ణి అక్కడే పరిచయమైంది. శ్రీకాకుళం మనిషి. పదేళ్ళు చిన్నది, నోరు పెద్దది. ఒకరి తెలుగు ఒకరికి సగమే అర్థమయ్యేది. ఏమిటి అనడానికి అమ్మణ్ణి ఏటి అన్నప్పుడల్లా రాజమ్మ మొదట్లో ఏ ఏటి సంగతో అనుకునేది. మిగిలిన సగం టిఫిన్ డబ్బాలు చెప్పాయి. ఈమె జొన్నరొట్టె ఆమెకు, ఆమె ఎండు చేపల పులుసు ఈమెకు. ఆరు నెలలు గడిచేసరికి ఒకరు రాకపోతే రెండోవారు డబ్బా మూత తీసేవారు కాదు.

వెనక మెట్ల కింద కూర్చుని తినేవాళ్ళు. రిసెప్షన్‌లో ఫోన్లు చూసే రత్నమాల కూడా క్యాంటీన్ గోల పడక అక్కడికే వచ్చేది. ఆమెది తెనాలి. కొండాపూర్‌లో సీతారామయ్య నడిపే అద్దె పుస్తకాల దుకాణం నుంచి ఏదో ఒక పుస్తకం ఆమె చేతిలో ఎప్పుడూ ఉండేది. అందులో ఏటుందని ఒకరోజు అమ్మణ్ణి అడిగింది. రత్నమాల పైకి చదివింది. మర్నాడూ చదివింది. అలా అది అలవాటైంది.

ఆ వేసవిలో చదివిన నవలకు అట్ట లేదు, మొదటి పేజీ కూడా లేదు. అందరూ పడవ పుస్తకం అనేవారు. దాని కోసం సీతారామయ్య దగ్గర వంతు వేసుకుని వారాల తరబడి ఎదురుచూసేవారు. కథ ఇద్దరు నేస్తాలది. రామన్న పడవ నడుపుతాడు. ఏటికి అవతల దర్గాలో దీపం చూసుకునేవాడు కాసిం. రామన్నకు జ్వరం వస్తే గట్టు మీది గంగమ్మకు కాసిం దీపం పెడతాడు. కాసిం ఊళ్ళో లేకపోతే దర్గాలో రామన్న పెడతాడు. ఎవరి దేవుడు వాళ్ళకే. దీపం మాత్రం ఎవరి చేతిదైనా ఒకటే. తర్వాత రెండు గట్లకూ తగవు వస్తుంది. అవతలికి పడవ వేసినవాణ్ణి వెలివేస్తామని పెద్దలు చాటిస్తారు. ఆ వానాకాలం ఏరు పొంగుతుంది. కాసిం లంకలో చిక్కుకుని నేస్తాన్ని పిలుస్తాడు.

ఒక శుక్రవారం రత్నమాల ఆ చోటికి వచ్చింది. గొంతు తగ్గించి చదివింది.

"మూడో పిలుపు నీళ్ళ మీదుగా వచ్చింది. తెడ్డు గుమ్మం పక్కనే ఉంది. రామన్న ఊరుకున్నాడు."

అక్కడితో ఆ ప్రకరణం అయిపోయింది. తర్వాతిది చివరిది. అందులో కాసిం ముసలివాడు. ఆ రోజు తాటిదుంగ పట్టుకుని ఎలాగో గట్టెక్కాడు. పడవ రేవు ఖాళీ. రోజూ పొద్దు వాలేవేళకు రెండు దీపాలు పెడతాడు, ఒకటి రామన్న పేరున. రామన్న ఏమయ్యాడో పుస్తకం చెప్పదు.

ముగ్గురూ కళ్ళు తుడుచుకున్నారు. రాజమ్మ చెవిన మాత్రం ఆ మాట ఉరుకున్నాడు అని పడింది. ఆమె పాలమూరు దిక్కు ఉరుకుడు అంటే పరుగెత్తడం. రాజమ్మ చూసిన రామన్న తెడ్డు అందుకుని, వెలివేత సంగతి మరిచి, వాన పడుతున్న గట్టు మీద ఉరికాడు. ఏట్లో పోయాడు. అందుకే ఆ రెండో దీపం.

అమ్మణ్ణి ముద్ద అలాగే పట్టుకుని కూర్చుంది. "ఆడు మనిసేనా అక్కా?" అన్నది పళ్ళు కొరికి.

"మనిషి గాదు," అన్నది రాజమ్మ, రెండు చేతులూ జోడించి.

అమ్మణ్ణి ఆ చేతుల వైపు కాసేపు అయోమయంగా చూసి, ముద్ద నోట్లో పెట్టుకుంది.

సోమవారం పొద్దున రెండో అంతస్తులో కంప్యూటర్ల గది తెరిచేసరికి పైకప్పు నుంచి నీళ్ళు కారుతున్నాయి. నాలుగు యంత్రాలు తడిసి ఆగిపోయాయి. ఆ గదికి పైన టీ గది ఉంది. శనివారం దాన్ని కడిగింది అమ్మణ్ణి. కుళాయి కట్టకుండా పోయిందని లింగమూర్తి అరగంటలో తేల్చాడు. గేటు పాసు తీసుకుని బయటికి పంపమని పైనుంచి మాట వచ్చింది. పాసు పోతే ఈ భవనంలోనే కాదు, హౌస్‌కీపింగ్ గుత్తేదారు పని చేసే ఏ భవనంలోనూ మళ్ళీ పని దొరకదు.

రాజమ్మ ముందు తలుపు అద్దం తుడుస్తూ ఇదంతా విన్నది. ఆమెకు కుళాయి గుర్తు రాలేదు. స్లాబు పోసిన రోజు గుర్తొచ్చింది. ఏసీ నీళ్ళు దిగే పైపు ఆ గది మీదుగానే పోయి, మూలన గోడలోకి దిగుతుంది. కాంక్రీటు లోపలికి పోకుండా దాని మూతిలో గోనెసంచి కుక్కమన్నాడు మేస్త్రీ. ఆమే కుక్కింది. తర్వాత ఎవరో తీస్తారనుకుంది. గోడ లేచింది, పైకప్పు కింద తెల్లటి పలకలు బిగించారు. ఈ ఎండలకు ఏసీలన్నీ ఒక్కసారి నడవడం ఇదే మొదలు.

చెబితే తప్పు తన మీదికి వస్తుంది. తన పాసూ పోతుంది. రాజయ్య ఒక్కడి కూలితో కొండాపూర్‌లో కిరాయి గది నిలవదు. లింగమూర్తి అటుగా పోతూ ఆమె చెయ్యి ఆగిపోవడం చూశాడు. నీ పని నువ్వు చూసుకో, ఊకో అన్నాడు. ఆమె మళ్ళీ అద్దం తుడిచింది.

తుడిచిన అద్దంలోంచి ఆవరణ అంతా కనిపించింది. అవతలి చివర, గేటు దగ్గర, అమ్మణ్ణి నిలబడి ఉంది. మెడలోంచి పాసు తీస్తోంది. వెనక్కి తిరిగి ఒక్కసారి పిలిచింది.

"రాజమ్మక్కా."

రాజమ్మ మూడో పిలుపు దాకా ఆగలేదు. ఆ భవనంలో హౌస్‌కీపింగ్ వాళ్ళు ఉరకకూడదని రూలు. ఆమె ఉరికింది. బకెట్ దొర్లింది. తడి నేల అని రాసిన పసుపు బోర్డు పడిపోయింది. తాను ఒక్కొక్క ఇటుకా మోసిన ఆవరణలో, టై కట్టుకున్న వాళ్ళు పక్కకు తప్పుకుంటుండగా, చీర కుచ్చెళ్ళు చేత పట్టుకుని ఉరికింది. అమ్మణ్ణి చేతిలోంచి పాసు లాక్కుని మళ్ళీ ఆమె మెడలోనే వేసింది.

లింగమూర్తి వగరుస్తూ వచ్చాడు. "ఏంది రాజమ్మా? ఎవరు పిలిచిన్రు నిన్ను?"

"ఆమె పిలిచింది."

"నోరెప్పుడొచ్చిందే నీకు?"

ఆమె అతన్ని దాటి నడిచింది. భవనం బాగోగులు చూసే ఇంజనీరు శ్రీనివాసరావు మెట్ల మీద ఉన్నాడు. నేరుగా ఆయన దగ్గరికి పోయింది.

"టీ గది నీళ్ళు లిఫ్టు గోడెంబడి దిగుతయి సార్. తడిసిన గది మీదికెల్లి పోయేది ఏసీ పైపు ఒక్కటే. దాని మూతిల గోనెసంచి ఉన్నది."

"నీకెలా తెలుసమ్మా?"

"కుక్కింది నేనే."

ఆయన ఆమె ముఖం చూశాడు. ఆ తర్వాత నిచ్చెన తెప్పించాడు. గదిలో ఇరవై మంది దాకా మూగారు. ఏ పలక తీయాలో రాజమ్మ వేలెత్తి చూపింది. కిటికీ నుంచి నాలుగోది, గోడ నుంచి రెండోది. పలక దించారు. పైపు నీళ్ళ బరువుకు మధ్యలో కుంగి, అతుకు విడిపోయి ఉంది. గోడలోకి దిగే చోట నిచ్చెన ఎక్కిన మనిషి చెయ్యి పెట్టి లాగాడు. రాలేదు. ఇంకొకడు ఎక్కి ఇద్దరూ లాగారు. నల్లగా, కంపు కొడుతూ, మూర పొడవున గోనెసంచి బయటపడింది. దాని వెనకే ఆగిన నీళ్ళన్నీ గోడలోంచి గలగల దిగిపోయిన చప్పుడు అందరికీ వినిపించింది. ఎవరో చప్పట్లు కొట్టారు. రాజమ్మ గోనెసంచి వైపు చూసి, రెండేళ్ళలో మొదటిసారి ఆ భవనంలో గట్టిగా నవ్వింది.

భవనం కట్టిన గుత్తేదారు అతుకులు సరిగ్గా చూసుకోలేదని శ్రీనివాసరావు కాగితం రాశాడు. ఇద్దరు ఆడవాళ్ళ మీదా మాట రాలేదు. ఆ తర్వాత ఏ గోడకు రంధ్రం కొట్టాలన్నా ఆయన ముందు రాజమ్మను పిలిపించేవాడు. లోపల ఏముందో నక్షాలో ఉన్నదానికంటే ఆమెకు ఎక్కువ తెలుసు.

మంగళవారం మెట్ల కింద అమ్మణ్ణి డబ్బా మూత తీసి, తినకుండా కూర్చుంది.

"నువ్వు రావనుకున్నానక్కా. పుస్తకంలో ఆడిలాగే ఊరుకుంటావనుకున్నాను."

"పుస్తకంల ఉరికిండు గదా. గందుకే నేనూ ఉరికిన."

అమ్మణ్ణి రత్నమాల వైపు చూసింది. రత్నమాల పేజీ తిప్పి ఆ మాట మళ్ళీ చదివింది. ఊ అని సాగదీసింది. ఊరుకున్నాడంటే కదలకుండా, ఏమీ అనకుండా ఉండిపోయాడని మెల్లగా విడమరిచి చెప్పింది. మీరు ఊకున్నడు అంటారే, అదే.

రాజమ్మ చేతిలోని రొట్టె ముక్క డబ్బాలో పెట్టింది. ఆమె చూసిన రామన్న తెడ్డు మళ్ళీ గుమ్మం పక్కన పెట్టి, ఇంట్లోకి పోయి కూర్చున్నాడు. నాలుగు రోజులు ఆమె దండం పెట్టుకున్న మనిషి అతను.

రత్నమాల ఓదార్చబోయింది. తాను కాలేజీలో ఉన్నప్పుడే రెండుసార్లు చదివానని చెప్పింది. "ఆయన ఊరుకున్నాడు కాబట్టే కదా కాసిం గొప్పతనం తెలిసింది? అంత జరిగాక కూడా దీపం పెట్టాడు. విశ్వాసమంటే అదేగా."

"కాసిం గొప్పోడే మేడం," అన్నది రాజమ్మ. "గనీ తడిసిండు గదా."

 అమ్మణ్ణి పులుసు గిన్నె రాజమ్మ వైపు జరిపింది. "నాకా గొప్ప అక్కర్నేదు మేడమూ. ఈవిడ తప్పుగా ఇన్నాది, నేను బతికిపోనాను."

ముందు రాజమ్మ నవ్వింది. తర్వాత ముగ్గురూ నవ్వారు.

ఆ పేజీ అంచులో పాఠకులు పెన్సిల్‌తో రాసిన మాటలున్నాయి. రత్నమాల అవీ చదివింది. ఒకరు ద్రోహి అని రాశారు. దాని కింద ఇంకెవరో, ద్రోహి కాదు, భయపడ్డాడు అని. ఇంకా కింద సన్నటి అక్షరాలతో, అతనికీ పెళ్ళాం బిడ్డలున్నారు. చివర అడ్డంగా, దీపం పెట్టినవాడే తీర్పు చెప్పలేదు, మనకెందుకు. పుస్తకాల్లో రాతలంటే సీతారామయ్యకు పడదు. రబ్బరు పెట్టి కూర్చుని అన్నీ తుడిచేవాడు. ఆ పేజీ ఒక్కటే వదిలేశాడు. అక్కడ ఎవరి వైపు తుడవాలో ఆయనకూ తేలలేదు.

రాజమ్మ ఆ రోజే అడిగింది, తనకు అక్షరాలు నేర్పమని. మిగతావి తర్వాత, ముందు ఆ రెండూ చూపమన్నది. రత్నమాల డబ్బా మూత మీద నీళ్ళతో రాసి చూపింది. ఉ. ఊ. రెండోదానికి చివర చిన్న కొమ్ము. మనిషి ఉరకడానికీ ఊకోవడానికీ మధ్య అంతే ఉందా అని రాజమ్మ దాన్ని వేలితో తుడిచి చూసింది.

ఏడాది పట్టింది. తొంభై తొమ్మిది వేసవిలో రత్నమాలతో కలిసి సీతారామయ్య దుకాణానికి పోయింది. వంతు ఆమె పేరునే వేయించారు. పడవ పుస్తకం వారం రోజులు ఆమె గదిలో ఉంది. రాజయ్యకు పైకి చదివి వినిపించింది. ఊరుకున్నాడు అన్న చోట ఆగి, ఊ ఎంత పొడుగుందో అంతా పలికింది.

పుస్తకం తిరిగి ఇచ్చేటప్పుడు సీతారామయ్య అలవాటుగా ఆ పేజీ తెరిచాడు. నాలుగు మాటల కింద ఐదోది ఉంది. పెద్ద అక్షరాలు, ఒక్కొక్కటీ ఇటుక పేర్చినట్టు.

రాజమ్మ ఉరికింది.

ఆయన రబ్బరు తీశాడు. కళ్ళజోడు పైకి తోసి మళ్ళీ చదివాడు.

"ఈ నవలలో రాజమ్మ ఎవరండీ? ఆ పేరున్న మనిషే లేదే."

"మొన్నటిదాకా లేకుండె," అన్నది రాజమ్మ. "ఇప్పుడున్నది."

సీతారామయ్య ఆమె వైపు చూశాడు. రబ్బరు మళ్ళీ సొరుగులో వేసి, పుస్తకాన్ని తర్వాతి వంతు వాళ్ళ కోసం పక్కన పెట్టాడు.