గడప బయటి బల్ల

మా వదిన పోయిందని దవాఖాన నుంచి ఫోన్ వచ్చినప్పుడు నేను పాల లెక్క రాస్తున్నాను. "అక్క పోయిందే" అన్నారు మా ఆయన, అంతే. పెన్నుకు మూత పెట్టి, పొయ్యి మీది పాలు దించాను. ఏడుపు రాలేదు. ఆమె మంచాన పడ్డప్పటి నుంచి ఇంటికీ దవాఖానకూ తిరిగి తిరిగి, ఏడ్చే ఓపిక కూడా మిగల్లేదు నాలో.

వదిన అంటే మా ఆయనకు సొంత అక్క. నల్లగొండలో, చుట్టుపక్కల కాలేజీల పరిశోధన విద్యార్థులు కలిసి వాడుకునే ల్యాబ్‌లో టెక్నీషియన్‌గా పనిచేసింది. నెత్తురు, పేడ, బోరు నీళ్లు, ఎవరు ఏ శాంపిల్ తెచ్చినా ముందు ఆమె చూడాలి. అందుకని తలుపు బయట ఒక రేకు బల్ల వేయించుకుంది. డబ్బా దాని మీద పెట్టగానే "ఆగు" అనేది. డబ్బా కారుతోందా, ట్యూబులు నిలబడే ఉన్నాయా, మూతలు బిగిశాయా, పేర్లు చెరిగాయా అని ఒక్కొక్కటే చూసేది. అన్నీ సరిగా ఉంటే "ఇగ రా" అనేది. మెచ్చుకోలు కూడా అదే.

మా దిక్కు మనిషిని గడప బయట నిలబెట్టి మాట్లాడితే పెద్ద అవమానం. ఆమెకు అదే ఉద్యోగం. "వదినె ఇంటికి పోతే చాయ్ గూడ బయటనే ఇస్తదేమో" అని మా తోటికోడలు ఎగతాళి చేసేది.

"నీ చేతులు కడుక్కొని రా, లోపల్నే ఇస్త" అనేది వదిన, నవ్వకుండా.

మా అమ్మాయి గొర్రెల జబ్బుల మీద పరిశోధనకు చేరింది. ఒక ఎండాకాలం నార్కట్‌పల్లి అవతల మందల దగ్గర నెత్తురు తీసుకుని, ఐసు డబ్బా ఒళ్లో పెట్టుకుని బస్సులో వచ్చింది. అన్నం గిన్నె పట్టుకుని నేను బస్టాండుకు వెళ్లాను. ఇద్దరం ఆటోలో ల్యాబ్‌కు చేరాం. డబ్బాను బల్ల మీద పెడుతుంటే మూల తడిగా కనిపించింది. వంటింట్లో గట్టు తడిస్తే ఏం చేస్తామో అదే చేశాను. కొంగుతో తుడిచాను.

"కొంగు ముట్టియ్యకు పిల్లా!"

వదిన అంత గట్టిగా అరవడం నేనెప్పుడూ వినలేదు. గ్లౌజులు తొడుక్కుని వచ్చి, నా కొంగు అంచును బ్లీచింగ్ నీళ్ల ట్రేలో ముంచింది. అది నారాయణపేట చీర. ఎర్రని కొంగు అరచేయంత మేర తెల్లబడింది. "రంగు పోతే పోనీ. నువ్వు చేతులు సబ్బుతోని కడుగు. మల్లొకసారి కడుగు" అంది.

తర్వాత డబ్బాను ట్రేలో పెట్టి అక్కడే, బయటే తెరిచింది. ఒక ట్యూబు పగిలింది. ఐసు కరిగి, ఆ ఎర్రనీళ్లలో ట్యూబులన్నీ మునిగాయి. కాగితం పేర్లు ఊడిపోయి పైకి తేలాయి. ఏది ఏ గొర్రె నెత్తురో తెలియదు.

"నాకు యాదికున్నయి అత్తమ్మా, వరుసల పెట్టిన. జర లోపల పెట్టనియ్యి, ఐసు కరుగుతాంది."

"బస్సు గుంతలల్ల ఎగిరినంక ఇంకెక్కడి వరుస బిడ్డా?"

"మనోళ్లమే గదా అత్తమ్మా!"

"మనోళ్లదైతే కారదా? లోపలి ఫ్రిజ్జుల అందరి పిల్లల కష్టమున్నది. నీది వాటి మీద కారితే వాళ్లకేం జెప్పాలె?"

అమ్మాయి అక్కడే గోడకు ఆనుకుని ఏడ్చింది. ఏడవదా మరి? మందలు మేతకు కృష్ణ ఒడ్డుకు కదులుతున్నాయి. అవి వెళ్లిపోతే ఆ ఏడాది చదువు పోయినట్టే. వదిన మాత్రం ఆ ట్యూబుల మీద క్రిములు చచ్చే మందు పోసి, కాసేపు ఉంచి, పారవేసే సంచిలో కట్టింది. మేనకోడలి కన్నీళ్లు చూసి కూడా చేయి ఆగలేదు.

ఆ ఆదివారం మా ఇంటికి వచ్చింది. దూది, మూత బిగిసే గట్టి డబ్బాలు, పెన్సిళ్లు తెచ్చింది. "పెన్సిల్‌తోని రాయమను, నీళ్లకు పోదు" అంది నాతో. అమ్మాయి గదిలోంచి బయటకు రాలేదు. ఇటు కూతురు, అటు ఆడబిడ్డ. ఇద్దరికీ వండిపెడుతూ, ఒకరి మాట ఇంకొకరికి చేరకుండా చూసుకుంటూ బతికాను కొన్నాళ్లు.

అలిగింది గానీ ఆ సామాను వదల్లేదు అమ్మాయి. బస్సులు మారుతూ మంద వెంట వెళ్లింది. ఒక్కో ట్యూబునూ దూదిలో చుట్టి, కవరులో పెట్టి, గట్టి డబ్బాలో నిలబెట్టి, దాన్ని ఐసు డబ్బాలో ఉంచి తెచ్చింది. బల్ల మీద పెట్టి, పక్కకు చూస్తూ నిలబడిందట. వదిన మూతలు, పేర్లు అన్నీ చూసి "ఇగ రా" అందట. ఆ సాయంత్రం ఇద్దరూ మా వంటింట్లో ఒకే పళ్లెంలో సర్వపిండి తింటుంటే నేను ఇంకొకటి కాల్చి వేశాను.

చివరి రోజుల్లో దవాఖానలో వదిన శాంపిల్ సీసా నా చేతికే ఇచ్చేవాళ్లు, కింద ల్యాబ్‌లో ఇచ్చి రమ్మని. మంచం మీది నుంచే అడిగేది.

"మూత బిగిచ్చిన్రా? నా పేరే రాసిన్రా, పక్క మంచపామెది రాసిన్రా?"

"నీదే వదినె. జర పండుకో."

"అడ్డం పట్టకు, నిలవెట్టి పట్టు." నా ముఖం చూసి, "బాగ అలసినవు పిల్లా. అలసినోళ్ల చేతులల్లకెల్లే జారుతయి. జర కూసోని పో" అంది.

ఆమె మంచం అంచునే, ఆ సీసాను నిలబెట్టి పట్టుకుని కూర్చున్నాను. అన్నాళ్లలో నన్ను కూర్చోమన్నది ఆమె ఒక్కతే.

చావింటి నుంచి తిరిగొచ్చేసరికి అమ్మాయి నాకంటే ముందే వచ్చి, తలస్నానం చేసి, బకెట్టుతో గడపలో నిలబడి ఉంది. పొద్దున చేతికి అందిన చీర చుట్టుకుని వెళ్లాను. అది ఆ నారాయణపేట చీరేనని అప్పుడు చూసుకున్నాను. చెంబుతో నా కాళ్ల మీద, చేతుల మీద నీళ్లు పోసింది. ముఖం తుడుచుకోబోతే "కొంగు ముట్టియ్యకు అమ్మా" అని తువ్వాలు అందించింది.

తర్వాత "ఇగ" అని ఆగిపోయింది. రెండో మాట రాలేదు. నీళ్లు గడప కింది నుంచి వాకిట్లోకి పారుతున్నాయి. తెల్లబడిన ఆ కొంగును చేతికి తగలకుండా పక్కకు పట్టుకుని, నేను బయటే నిలబడి ఉన్నాను.