డాక్టరుగారి కషాయం

అమరేశ్వరరావుగారు వాంకూవర్‌లో ఫ్యామిలీ డాక్టరుగా చేసి రిటైరయ్యారు. తెలుగువాళ్లెవరు ఎదురుపడినా ఆయన పాఠం ఒకటే. "కషాయాలూ చూర్ణాలూ ఏం మింగుతున్నారు? అవీ మందులేనయ్యా. డాక్టరుకి చెప్పి తాగండి, దాచి తాగకండి." పెళ్లి పంక్తిలో కూర్చున్నా ఇదే గోల. "మొదలెట్టారూ పురాణం!" అని భార్య దమయంతి నవ్వేసేది.

అంతటి మాటకారికి పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. కుడిచెయ్యీ పోయింది. ఆసుపత్రివాళ్లు రక్తం గడ్డకట్టకుండా మాత్రలిచ్చి ఇంటికి పంపారు. మాట రావచ్చు, రాకపోవచ్చు అన్నారు. అది విని ఊరుకునే మనిషా దమయంతి? ఆయన గొంతు మళ్లీ వినాలి, అంతే.

గుడిలో శ్యామల అనే ఆవిడ చైనాటౌన్‌లోని మూలికల కొట్టు సంగతి చెప్పింది. పక్షవాతం వచ్చాక మెదడును కాపాడే కషాయం అక్కడ దొరుకుతుందట. దమయంతి ఆ మర్నాడే వెళ్లింది. "డాక్టరును అడిగారా?" అంది కొట్టావిడ, ఎర్రటి ఎండు వేళ్లు పొట్లం కడుతూ. "మా ఇంట్లోనే ఉన్నాడు డాక్టరు" అంది దమయంతి గర్వంగా.

ఒక గుక్క తాగి ఆయన ముఖం తిప్పుకున్నారు. ఎడంచేత్తో గ్లాసు తోసేశారు. "పసిపిల్లల కంటే అన్యాయమండీ మీరు!" అంటూ ఆమె గడ్డం పట్టుకుని తాగించి, నోట్లో బెల్లం ముక్క పెట్టింది. రోజూ ఇదే యుద్ధం.

ఒక పొద్దున గ్లాసు కనబడగానే ఆయన పెదవులు కదిలాయి. "వ... వద్దు."

దమయంతి భోరుమంది. మాటొచ్చింది! కషాయం పనిచేసింది! తెలిసినవాళ్లందరికీ ఫోన్లు చేసింది. ఆ సాయంత్రం నుంచి రెండు పూటలా పట్టించింది. ఆయన కళ్లనీళ్లతో "వద్దు, వద్దు" అంటుంటే, "అనండి, ఇంకోసారి అనండి" అని మురిసిపోయింది.

నెల తిరక్కుండా ఆయన మెదడులో రక్తస్రావమైంది. ఎమర్జెన్సీలో, వేరే మందులేమైనా ఇస్తున్నారా అని డాక్టరు అడిగింది. ఏమీ లేవంది దమయంతి. పక్కనున్న కూతురు సాత్విక తల్లి వైపు తిరిగింది. "అమ్మా, వాట్ అబౌట్ ద కషాయం?"

"అది మందెలా అవుతుందే? కషాయమేగా!" అంది దమయంతి. అనగానే ఆమెకు భర్త పాఠం గుర్తొచ్చింది.

ఆ వేళ్లకూ రక్తాన్ని పలచబరిచే గుణముందట. ఆ మాత్రలతో కలిస్తే ప్రమాదమట.

ఆయనకు అన్నీ తెలుసు. ఆ ఒక్క మాట కోసం ఎంత పెనుగులాడారో! తను మాత్రం ఆ నోట్లో బెల్లం కుక్కింది. "నా చేతులు పడిపోనూ" అని దమయంతి తల బాదుకుంది.

ఇప్పుడు అమరేశ్వరరావుగారు ఇంట్లోనే ఉన్నారు. ఏం పెట్టినా తింటారు, ఏం పోసినా తాగుతారు. దమయంతి మంచినీళ్ల గ్లాసు ఆయన పెదవుల దాకా తెచ్చి ఆపుతుంది. "వద్దనండీ, ఒక్కసారి" అని బతిమాలుతుంది.

ఆయన బుద్ధిగా నోరు తెరుస్తారు.