ఇంట్లో నడిచిన సర్కారు

మా ఆయన ఎవరికీ తలవంచని మనిషని సిరిసిల్లలో మా గల్లీలో పేరు. ఆ పేరు ఆయన తనకు తానే పెట్టుకున్నాడని తెలియడానికి నాకు పదకొండేళ్ల కాపురం పట్టింది.

మా వైపంతా కల్లోలిత ప్రాంతమని పోలీసులను దింపిన కాలమది. జీపులు తిరిగేవి. అన్నల మాట, అంటే నక్సలైట్ల మాట, గోడల మీద ఎర్రరంగులో కనిపించేది. ఊరంతా గొంతు తగ్గించుకుని మాట్లాడుతుంటే ఈయన చాయ్ హోటల్లో కాలు మీద కాలేసుకుని ఉపన్యాసాలిచ్చేవాడు.

"సర్కారు రోడ్డెయ్యాలె, దొంగను పట్టాలె, గంతే. నా బతుకు మీద దాని పెత్తనమేంది? అన్నలదైనా గంతే. ఎవని బతుక్కు వాడే దొర."

నిజం చెప్పాలంటే ఆ మాటలు నాకు నచ్చేవి. కోరుట్లలో మా అమ్మగారింట్లో ఇట్లా మాట్లాడేవాళ్లే లేరు. ఆ దొరతనంలో నాకూ వాటా ఉందనుకున్నాను, అంత తెలివితక్కువదాన్ని. కోరుట్ల పోవాలంటే ఆయన్ని అడగాలి. ఏ చీర కట్టాలో ఆయన చెప్పాలి. పక్కింటామెతో ఏం మాట్లాడానో రాత్రి అన్నం దగ్గర అప్పజెప్పాలి. అన్నిటికీ తలూపాను. ఇప్పుడు తలచుకుంటే ఆయన కన్నా నా మీదే నాకు ఎక్కువ రోత.

ఆ ఏడు బాల్వాడీ టీచర్ల శిక్షణకు దరఖాస్తు పెట్టాను. జగిత్యాలలో మూడు నెలలు. ఎంపికైనట్టు కాగితం వచ్చింది. కింద ఒక గడి: భర్తకు సమ్మతమేనని సంతకం. ఆ సంతకంతో సోమవారం హాజరు కాకపోతే నా చోటు ఇంకొకరికి ఇస్తారట.

ఆయన కాగితం చదివి బోర్లించి పెట్టాడు. "సర్కారు కొలువంటే సర్కారుకు బానిసవైనట్టే. నా ఇంట్ల నడువది."

"ఎవల బతుక్కు వాల్లే దొరలని నువ్వే అంటివి గదా?"

"గది బయటి ముచ్చట. ఇంట్ల ఇద్దరు దొరలుంటరా?"

ఆ మాట అనడానికి ఆయనకు క్షణం కూడా పట్టలేదు. కాగితం తీసి బియ్యం డబ్బా వెనక పెట్టుకున్నాను.

శనివారం అన్నలు బంద్ అన్నారు. గల్లీ అంతా తలుపులు మూసుకుంది. మాది నేతపని; సరిగ్గా ఆ రోజే ఈయన పడుగు బయటికి తీశాడు. మగ్గం ఎక్కించే ముందు పడుగు నూలును గల్లీ పొడవునా సాచి, గంజి పట్టించి, ఆరేదాకా కుంచెతో దువ్వాలి. ఒక్కరి వల్ల అయ్యే పని కాదు, అటొకరు ఇటొకరు ఉండాల్సిందే. మధ్యలో ఆపితే పోగులు అతుక్కుని పడుగంతా పాడవుతుంది. అందుకే ఎవరింట్లో పడుగు సాచినా ఇరుగుపొరుగు వచ్చి చెయ్యి వేస్తారు. ఆ రోజు ఎవరూ రాలేదు.

"ఒకని పర్మిషన్ తోని నేను పడుగు సాపుతనా?" అని నన్ను ఎదురుగా నిలబెట్టాడు. నేను కుంచె పట్టాను.

గంజి ఇంకా తడిగా ఉండగానే జీపు వచ్చింది. ఎస్సై దిగకుండానే "శెభాష్, మగాడివయ్యా!" అన్నాడు. "ఈ తలుపులన్నీ కూడా తెరిపించు."

ఎవరికీ తలవంచని మనిషి నడుము దాకా వంగాడు. "మీ దయ సార్" అంటూ గల్లీలో తలుపులన్నీ తట్టుకుంటూ పోయాడు. ఎవరూ తీయలేదు. జీపు వెళ్లిపోయాక తిరిగొచ్చి మళ్లీ తన కుంచె పట్టాడు.

కాసేపటికి సైకిళ్ల మీద ఇద్దరు పిల్లగాండ్లు వచ్చారు, అన్నల తరఫున. "కాకా, బంద్ ఎరుక లేదా?"

ఆయన కుంచె వదిలేశాడు. చెయ్యి నా వైపు చాచాడు. "నేను వద్దనే అన్న తమ్మీ. మా ఆమెనే సాపింది. నా మాట ఇంటదా? ఆమె ఇష్టం ఆమెది."

పిల్లగాండ్లు నా మొహం కూడా చూడలేదు. "ఇంటికి పెద్ద నువ్వు గదా కాకా, చెప్పుకోవాలె గద" అని ఆయన్నే మందలించారు. అందరి బతుకులూ మార్చడానికి బయలుదేరిన వాళ్లు వీళ్లు!

నాకు కోపం కూడా రాలేదు. ఇంత పిరికి మనిషికా ఇన్నాళ్లు భయపడ్డానని సిగ్గేసింది.

"అవు తమ్మీ, నా ఇష్టమే" అని కుంచె తడి పడుగు మీదే పెట్టి లోపలికి నడిచాను.

"ఆరుతున్నదే! జర పట్టుకోవే!" అని వెనక నుంచి అరుస్తున్నాడు. ఒక్కడే ఈ పక్క నుంచి ఆ పక్కకు ఉరుకుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. నేను బియ్యం డబ్బా వెనక నుంచి కాగితం తీసి, భర్త సంతకం గడిలో నా పేరు రాశాను. గుండ్రటి అక్షరాలతో, పూర్తిగా.

ఆదివారమంతా ఆయన అతుక్కుపోయిన పోగులు ఒక్కొక్కటే విడదీస్తూ కూర్చున్నాడు. సోమవారం మొదటి బస్సుకు నేను పోతుంటే అడ్డం రాలేదు. అడ్డం వస్తే తోసుకుని పోవడానికి సిద్ధంగానే ఉన్నాను.

జగిత్యాల ఆఫీసులో కాగితం ఇచ్చేటప్పుడు మాత్రం ఆ గడిని బొటనవేలితో కప్పి పట్టుకున్నాను. గుమాస్తా పేరు, ఊరు రాసుకుని, దాన్ని అట్లాగే ఫైల్లో పెట్టాడు.

"సంతకం చూడరా సార్?" అని నేనే అడిగాను.

"గవన్ని ఎవడు చూస్తడమ్మా" అన్నాడు, తలెత్తకుండానే.