మీరు అడగలే గదక్కా

సూర్యాపేటలో మా ఇంటికి నెట్ బాగుచేయడానికి వచ్చిన మనిషిని తలుచుకుంటే నాకిప్పటికీ రోత పుడుతుంది. వైరు తొక్కను పళ్ళతో కొరికి, ఆ ముక్కలను మా గచ్చు మీదే ఉమ్మేసేవాడు. కంప్యూటర్‌లో నెట్ మాటిమాటికీ పోతోందని నాలుగుసార్లు పిలిచాను. వచ్చినప్పుడల్లా వైరును లోపలికి నొక్కి, "ఇగ పరేషాన్ లేదక్కా," అని వెళ్ళిపోయేవాడు.

చివరికి టీచరు ఉద్యోగానికి ఆన్‌లైన్‌లో ఇంటర్వ్యూ జరుగుతుంటే, నా జవాబు మధ్యలోనే నెట్ పోయింది. ఉద్యోగమూ పోయింది.

మర్నాడు అతనే వచ్చి, వైరు చివరి క్లిప్పు విరిగిందని చూపించాడు. అది లేకపోతే వైరు కంప్యూటర్‌లో నిలవదట.

"ఎప్పుడు ఇరిగింది?" అని అడిగాను.

"మొదటి రోజే. నా చేతులనే ఇరిగింది."

"మరి చెప్పలేదేంది?"

"మీరు అడగలే గదక్కా," అన్నాడు.

అతని చేతిలోని వైరు లాక్కుని, గుమ్మం చూపించాను.